గడపల్లో దొరికిన ఓడ

ముందు ప్రమాణం

మా ఇంట్లో మాగాయ జాడీని మించిన పవిత్ర వస్తువు లేదు. ఆ జాడీ మీద కుడిచెయ్యి వేసి, మా ఆవిడ సాక్షిగా చెబుతున్నాను: ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. రేపల్లె ప్యాసింజరు సమయానికి వచ్చేదని రాయమంటే మాత్రం రాయను. అంత పెద్ద అబద్ధం నా వల్ల కాదు. మిగిలిందంతా నమ్మేయండి.

తెనాలి వాళ్ళు మాటలు చెప్పి బతుకుతారని పక్క ఊళ్ళవాళ్ళు అంటారు. నేను గీతలు గీసి బతికాను. పాత వస్తువులు వెతికి భద్రపరిచే ఒక శాఖలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. తవ్వినచోట దొరికిన పెంకునీ, ఇటుకనీ, చెక్కనీ కొలిచి, ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎక్కించడం నా పని. యాభై అయిదు నిండగానే మెడలో దండ వేసి ఇంటికి పంపారు. జుట్టు ఇంకా నల్లగానే ఉంది. రంగు కాదు, జాడీ మీద ఒట్టు.

ఈ మధ్య కొత్తగా ఈ పనిలో చేరుతున్న పిల్లలు ఇంటికొచ్చి, "ఈ ఉద్యోగం అసలు ఎలా ఉంటుందండీ?" అని అడుగుతున్నారు. జీతం సంగతీ ప్రమోషన్ల సంగతీ ఆఫీసులో చెబుతారు. ఒక ఓడ సంగతీ, ఒక సారు సంగతీ, ఒక పెంకు సంగతీ నేను చెబుతాను. నాకు తెలిసిన ఉద్యోగమంతా ఆ మూడింట్లోనే ఉంది.

మా ఆఫీసు, మా సారు

పందొమ్మిదివందల అరవైల్లో మా ఆఫీసు తెనాలిలో ఒక బియ్యం కొట్టు పైన రెండు గదులు. కింద బియ్యం చెరిగితే పైన మా బల్లల మీద తవుడు పడేది. వెయ్యేళ్ళ పెంకుల మీద ఆ ఏటి తవుడు. రోజూ పొద్దున్నే ఊదుకుని పని మొదలుపెట్టేవాళ్ళం.

మా పై అధికారి దేవసహాయం గారు. బాపట్ల మనిషి. ఆదివారం లూథరన్ చర్చిలో గొంతెత్తి పాడేవారట. సోమవారం నుంచి శనివారం దాకా ఆ గొంతు మేం వినలేదు. ఎవరు ఏం చెప్పినా మూడే ప్రశ్నలు అడిగేవారు.

"చూశావా? విన్నావా? అనుకున్నావా?"

ఒకసారి నేను పరుగున వచ్చి, "సార్, రేపల్లె స్టేషన్ దగ్గర గేదె రైలుకి అడ్డం పడుకుందండి, డ్రైవరు దిగి దాని కాళ్ళు పట్టుకుంటే గానీ లేవలేదండి" అన్నాను.

"చూశావా? విన్నావా?"

"గేదెని చూశానండి. రైలు విన్నానండి."

"కాళ్ళు పట్టుకోవడం?"

"అది... అనుకున్నానండి."

"కూర్చో. పని చూసుకో" అన్నారు. నవ్వలేదు. కానీ ఆ రోజు నాకు టీ తెప్పించారు.

ఆయన కుడిచెయ్యి వణికేది. ఇంకు కలం పడితే గీత పాములా పాకేది. అందుకే ఆయన కళ్ళకి నా చేతులు కావలసివచ్చాయి. ఆయన చూసేవారు, నేను గీసేవాణ్ని. పెంకులన్నీ చెక్క ట్రేల్లో గళ్ళు గళ్ళుగా ఉండేవి. ప్రతి పెంకు వెనకా నల్ల ఇంకుతో చిన్న అంకె, గడికీ అదే అంకె. వందల పెంకులు. బళ్ళో మాస్టారికి పిల్లలు గుర్తున్నట్టు ఆయనకి అవన్నీ గుర్తే. ఈ సంగతి మీరు మరిచిపోకండి. నేను మరిచిపోయాను.

రాజు చెప్పేదీ, ఓడ చెప్పేదీ

చీరాల అవతల మోటుపల్లిలో రాతిస్తంభం మీద ఒక శాసనం ఉంది. కాకతీయుల నాటిది. పూర్వం తుఫానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా రాజులే లాగేసుకునేవారు. మేం అలా చెయ్యం, మామూలు సుంకం పుచ్చుకుని మిగిలింది వర్తకులకే వదిలేస్తాం, భయపడకుండా రండి అని ఆ రాజు రాయి మీద మాట ఇచ్చాడు. కింద సరుకుల పేర్లు: గంధం, కర్పూరం, ముత్యాలు, పట్టు.

మొదటిసారి చదివినప్పుడు నేను పొంగిపోయాను. "ఎంత గొప్ప రాజండీ!"

"గొప్పవాడే," అన్నారు సార్. "కానీ చూడు, ఇందులో ఉన్నదంతా సుంకం వచ్చే సరుకు. ఓడలో వంటవాడు ఏం వండాడో రాజు రాస్తాడా? రాయడు. అది మునిగిన ఓడే చెప్పాలి."

ఆయన బల్ల ఎదురుగా గోడకి ఒక పత్రిక కాగితం అంటించి ఉండేది. చర్చికి వచ్చే ఒక విదేశీ పాస్టరుగారు ఇచ్చింది. జర్మనీలో, ఉత్తర సముద్రంలో కలిసే ఒక నదిలో బురద తోడుతుంటే ఇంచుమించు ఆరువందల ఏళ్ళ నాటి సరుకుల ఓడ బయటపడింది. అడుగు బల్లపరుపు. పక్క పలకలు పెంకుటిల్లు కప్పులా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఇనప మేకులు కొట్టి కొనలు వంచారు. సందుల్లో నీళ్ళు రాకుండా నాచు కుక్కారు. లోపల ఒక తారు పీపా. ఆ పీపా అంటే సార్‌కి ప్రాణం.

"ఏ రాజు రాస్తాడయ్యా తారు పీపా గురించి?" అనేవారు.

ఆ చలి సముద్రాల్లో అలాంటి ఓడలు ఏం మోసేవని పాస్టరుగారిని నేనే అడిగాను. ఉప్పు, ఎండుచేపలు, ధాన్యం, ఉన్నిబట్ట అన్నారాయన. నాకు నవ్వొచ్చింది. మన రేవుల్లో ఉప్పు, ఎండుచేపలు, వడ్లు, ఈపూరుపాలెం లాంటి ఊళ్ళలో నేసిన నూలుబట్ట. పట్టూ కర్పూరమూ రాజుల మాట. సముద్రం మీద సంసారం నడిపింది మాత్రం అక్కడా ఇక్కడా ఉప్పూ చేపలే.

అయితే ఒక తేడా ఉంది. అక్కడివాళ్ళు ఇనుముని నమ్మారు, ఇక్కడివాళ్ళు తాడుని నమ్మారు. పలకల అంచుల్లో రంధ్రాలు చేసి, కొబ్బరిపీచు తాడుతో బట్ట కుట్టినట్టు ఓడని కుట్టేవారు. మన ఇసకలో తాడిచెట్లే ఎక్కువ. ఆ తాడు కూడా ఎక్కడో కొబ్బరి ఉన్న దేశం నుంచి వచ్చిన సరుకే. అంటే సరుకు మోసే ఓడ, తనే ఒక సరుకుల మూట.

ముప్ఫై ఏళ్ళు ఈ తీరమంతా నడిచారు సార్. పెంకులు దొరికాయి, నాణేలు దొరికాయి. అలాంటి ఓడ ముక్క ఒక్కటీ దొరకలేదు. ఆయన రిటైర్మెంటుకి మూడు నెలలుందనగా పైనుంచి కబురొచ్చింది: సార్ దిగిపోగానే తెనాలి గదులు ఖాళీ చేసి పెట్టెలన్నీ హైదరాబాదు పంపేయాలి. ఆయన గోడ మీది కాగితానికి ఒక మూల ఊడితే మైదా జిగురు పెట్టి మళ్ళీ అంటించారు. అది చూసి నేను ఒట్టు పెట్టుకున్నాను, ఈయన దిగేలోపల ఓడ చూపించాలని.

పద్దెనిమిది రోజుల సాష్టాంగం

నిజాంపట్నం అవతల ఇసకదిబ్బల మీద చేపలు పట్టేవాళ్ళ పల్లె ఒకటుంది. ఉప్పు మడుల పక్కన పెంకులు ఏరడానికి వెళ్ళి దాహమేసి ఒక ఇంటిముందు ఆగాను. గడపకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. ఆ చెక్క అంచున వరసగా రంధ్రాలు, జానెడుకి రెండు చొప్పున. పసుపు ముద్దతో పూడ్చేశారు. పక్కింటి గడపకీ అవే రంధ్రాలు. ఆ పక్కింటికీ.

కుట్టిన పలకలు! ఒక ఓడ ఓడంతా పల్లెలో గడపలై పడుకుంది.

గడప మీద కాలు పెట్టకూడదు, కూర్చోకూడదు. శుక్రవారం ముట్టుకోనేకూడదు. అందుకని వీధిలో బోర్లా పడుకుని, టేపు చాపి, కొలుచుకుంటూ గీశాను. పద్దెనిమిది రోజులు. ఒకరోజు ఒక పీత టేపు కొస పట్టుకుని కన్నంలోకి పోయింది. వెనక్కి లాగేసరికి పద్దెనిమిది అడుగులు లోపల ఉంది. ఆ కన్నం లోతు కూడా పుస్తకంలో రాసుకున్నాను.

కోటమ్మ అనే ముసలావిడ గడపే అన్నిటికంటే పొడుగు. ఆవిడ వల అల్లుకుంటూ నన్నే చూసేది.

"ఏంటి బాబూ, రోజూ వచ్చి మా గడపకి సాష్టాంగం పెడతన్నావు? ఏదన్నా మొక్కా?"

"కొలుస్తున్నానమ్మా."

"గడప కొలిస్తే ఏంటొస్తది? తలుపు కొలిస్తే పరదా అన్నా కుట్టుకోవచ్చు."

పక్కింటి కోడలు అందుకుంది. "పెళ్ళాం ఇంట్లో గడప తొక్కనియ్యట్లేదేమో పెద్దమ్మా, ఇక్కడికొచ్చి కొలుచుకుంటన్నాడు."

గడపలన్నీ కాగితం మీద వరసగా పేర్చాను. డెబ్బై అడుగుల ఓడ తేలింది. తెరచాప కూడా పెట్టాను. తెరచాప ఎవరి గడపలోనూ లేదనుకోండి. సార్‌ని తెనాలి నుంచి రేపల్లె ప్యాసింజర్లో, అక్కణ్ణుంచి బస్సులో, ఆపైన ఇసకలో నడిపించి పల్లెకి తీసుకెళ్ళాను. ఆయన కోటమ్మ గడప ముందు గొడుగు మడిచి నిలబడి, నేను పద్దెనిమిది రోజుల్లో చెయ్యని పని ఒకటి చేశారు.

"అమ్మా, ఈ చెక్క ఎక్కడిది?" అని అడిగారు.

"మా తాత పడవయ్యా. ఓడలు దూరంగా ఆగితే సరుకు ఒడ్డుకి మోసేవాడు. తాతే కుట్టాడు. పడవ పాతబడ్డాక ఇంటికో చెక్క పంచాడు."

నేను నీరుగారిపోయాను. "మరి ఇన్నాళ్ళూ నాతో చెప్పలేదేంటమ్మా?"

"నువ్వు అడగలేదుగా బాబూ. గడపనే అడిగావు."

పల్లె అంతా నవ్వింది. సార్ మొదటిసారి పైకి నవ్వారు. నా డెబ్బై అడుగుల ఓడ, ముసలావిడ తాత కుట్టిన ఒక్క పడవ. పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి: టేపు తియ్యకముందు నోరు తెరవండి. వస్తువు పక్కన మనిషి ఉంటే ముందు మనిషిని అడగండి.

తాత వంచలేని పలక

కోటమ్మకి నా మొహం చూసి జాలేసినట్టుంది. "పాతదే కావాలంటే మురుక్కాలవ మీద ఒకటుంది, చూసుకో" అంది.

పొలాల నీళ్ళు సముద్రంలోకి పోయే ఆ కాలవ దాటడానికి అడ్డంగా వేసిన పలక. దాని మీదే బట్టలు ఉతుకుతున్నారు. బొగ్గులా నలుపు, నాలుగు వేళ్ళ మందం. కడిగి చూస్తే అంచు పొడుగునా పెద్ద రంధ్రాలు. తాడు అరిగిపోకుండా దిగడానికి రంధ్రం నుంచి రంధ్రానికి గాడి. పలక మందంలో విరిగిన చెక్క మేకులు.

"మా తాతకి తాతలనాడు తుఫాను తరవాత ఇసకలోంచి లేచిందంట," అంది కోటమ్మ. "మా తాత దీన్ని చూసి అనేవాడు, ఒడ్డు పడవ అల తంతే వంగాల, వంగి లేవాల. ఇది వంగదు. ఇది దూరం పోయేదీ అని."

సార్ కాలవగట్టు మీద కూర్చుండిపోయారు. తెల్ల ప్యాంటుకి బురద. వణికే చెయ్యి పలక మీద పెట్టి అలాగే ఉంచారు. "ఇది మాకిస్తారా అమ్మా?" అన్నారు.

"మరి మేం కాలవ ఎట్టా దాటాల?"

"తాటిదూలం వేయిస్తాను."

"ఉతుక్కోడానికి రాయి కూడా."

"రాయి కూడా."

"సరే. పసుపు రాసి పంపిస్తా. ఇన్నేళ్ళు మమ్మల్ని దాటించింది."

అలా పసుపు పూసుకుని, ఎద్దుబండి ఎక్కి, ఓడ పలక మా ఆఫీసుకొచ్చింది.

నా తప్పు

దూరం పోయే కుట్టు ఓడ పలక. అంతవరకూ తేలింది. ఎప్పటిది? చెప్పే ఆధారం ఏదీ లేదు. సార్ తన చివరి రిపోర్టు చెబుతుంటే నేను రాస్తున్నాను.

"వయసు తెలియదు. రాయి."

"సార్, మోటుపల్లి శాసనం నాటిదే అయ్యుంటుందండి."

"చూశావా? విన్నావా?"

"తెలియదు అని రాస్తే హైదరాబాదులో ఎవరు చదువుతారండీ?"

"నాలుగక్షరాలు. చదవడానికి ఎంతసేపు?"

ఆయన గదిలోంచి వెళ్ళాక గోడ మీది జర్మనీ ఓడని చూశాను. దానికి వయసుంది, పేరుంది. మా సార్ ఓడకి ఏదీ లేదు. మోటుపల్లిలో సార్ ఏరిన పెంకుల ట్రే తెరిచాను. చైనా గిన్నె పెంకు ఒకటి, ఆకుపచ్చ గాజుపూతది. అలాంటి గిన్నెలు ఆ శాసనం కాలానివని చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. వెనక అంకె నూట పద్నాలుగు. షేవింగు బ్లేడుతో ఆ అంకె గీకేశాను. పెంకుకి కాస్త కాలవ మట్టి పూశాను.

మర్నాడు సార్ ముందు పెట్టాను. "పలక గాడి శుభ్రం చేస్తుంటే ఊడిపడిందండి. మట్టిలో కూరుకుపోయి ఉంది."

ఆయన పెంకు అందుకున్నారు. ముందు చూశారు. వెనక్కి తిప్పి చూశారు.

"చూశావా?"

"చూశానండి."

"నీ కళ్ళతో?"

"నా కళ్ళతోనేనండి."

పెంకుని అగ్గిపెట్టెలో వేసి జేబులో పెట్టుకున్నారు. "సరే. గీయి" అన్నారు.

గీశాను. పలక, రంధ్రాలు, గాడి, గాడిలో పెంకు. నా సర్వీసులో అంత బాగా ఇంకేదీ గీయలేదు.

బాపట్ల ప్లాట్‌ఫారం

రిపోర్టు తనే చేతికివ్వాలని సార్ హైదరాబాదు బయలుదేరారు. ఆయన్ని బండి ఎక్కించడానికి నేను ఆయన ఊరు బాపట్ల స్టేషన్‌కి వెళ్ళాను. బండి వచ్చి ఆగింది. ముప్ఫై ఏళ్ళు ఒక్క అబద్ధం రాయని మనిషి సంచిలో నా అబద్ధం ఉంది. ఇంక ఆగలేక చెప్పేశాను.

"సార్, ఆ పెంకు మోటుపల్లిదండి. నేనే పెట్టానండి."

ఆయన నన్ను తేరిపార చూశారు. ఆ తరవాత పకపకా నవ్వి, సంచిలోంచి ట్రేసింగు కాగితం తీసి బెంచీ మీద పరిచి, బ్లేడు నా చేతికిచ్చారు. గార్డు ఈల వేస్తున్నాడు. నేను నా గీతని నేనే గీకేశాను. కాగితం చిరగలేదు.

"ఓడల్ని తుఫాను ముంచుతుందయ్యా," అన్నారు సార్ బండి ఎక్కుతూ. "రిపోర్టుని ఇంత పెంకు ముంచుతుంది."

కాబట్టి పిల్లలూ, తప్పు చేస్తే బండి కదిలేలోపు చెప్పేయండి. గుండె తేలికవుతుంది.

జాడీకి క్షమాపణ

ఇక్కడిదాకా రాసింది చదివి మా ఆవిడ జాడీ కేసి చూసి, నాకేసి చూసింది. "ఏంటి, అన్నీ నిజాలేనా?" అంది. మాగాయ పాడవుతుందని ఆవిడ భయం. ఒప్పుకుంటున్నాను.

పసుపు గడపలు నిజం. మొక్కా అని కోటమ్మ ఎక్కిరించింది నిజం. పీత సంగతి అడక్కండి. కల్పించింది ఒక్కటే: ఆ ప్లాట్‌ఫారం మీద మాటలు.

ఆ రోజు నేను సార్‌కి కాఫీ తెచ్చిచ్చాను. పిట్టలవానిపాలెం వైపు వాన పడిందండి అన్నాను. బండి వచ్చింది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని, "నాతో ఏమన్నా చెప్పాలా?" అని అడిగారు.

"లేదండి. జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నాను.

బండి కదిలింది. తరవాత ఆయన రిటైరయ్యారు, తెనాలి గదులు ఖాళీ అయ్యాయి, నన్ను వేరే ఊరు వేశారు. ఇవాళ చెబుదాం రేపు చెబుదామనుకుంటూనే ఏళ్ళు గడిపాను. ఒక వేసవిలో బాపట్ల నుంచి కార్డు వచ్చింది, సార్ లేరని.

కిందటేడు పెన్షన్ పని మీద హైదరాబాదు వెళ్ళినప్పుడు రికార్డు గదిలో ఆ రిపోర్టు అడిగి తీయించాను. నా బొమ్మ ఉంది. పలక, రంధ్రాలు, గాడి. గాడిలో పెంకు లేదు. కిటికీ వెలుతురుకి పట్టి చూస్తే అక్కడ కాగితం కొంచెం పలచబడి ఉంది. బ్లేడుతో గీకారు. సన్నగా, ఎంత సేపు పట్టిందో, ఎక్కడా చిరగకుండా, ఆ వణికే చేత్తో. పక్కన ఆయన రాత, పాములా పాకుతూ: "వయసు తెలియదు." దాని కింద: "గీసింది మా డ్రాఫ్ట్స్‌మన్. కొలతలు నమ్మవచ్చు."

మోటుపల్లి ట్రే కూడా తెప్పించుకున్నాను. పెంకు దాని గడిలోనే ఉంది. వెనక్కి తిప్పాను. నేను గీకేసినచోట కొత్త ఇంకుతో, వంకరటింకరగా, నూట పద్నాలుగు.

ఇది వినలేదు, అనుకోలేదు. చూశాను.